ఎక్కడ నొప్పి అని అడుగుతారు, ఎప్పుడు అని అడగరు

మొన్న మాఘమాసంలో మా బాబాయి కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాలకి కింద చాపలు పరిచి విస్తళ్లు వేశారు. అక్క ఒక కుర్చీ అడిగింది. బాబాయి ప్రేమగానే అన్నాడు, "యాభై ఏళ్లు కూడా రాలేదు, అప్పుడే కుర్చీ ఏంటమ్మా? మా అమ్మ ఎనభై ఏళ్ల దాకా పీట మీద కూర్చుని వండింది. మందులు కొట్టిన తిండి తిని తెచ్చుకున్న కొత్త జబ్బులు ఇవన్నీ" అని. అక్క నవ్వి ఊరుకుంది. తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లోంచి మా మేనకోడలు ముందుకి వంగి నా చెవిలో చెప్పింది, "మావయ్యా, నాకూ నెలరోజులుగా నడుం నొప్పి వస్తోంది, అమ్మకి చెప్పకు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాబాయి మాటకీ, ఆ పిల్ల మాటకీ కలిపి ఒక జవాబు రాయాలనిపించింది. ఇది ఆ జవాబు.

మా అక్కది ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఈ పేరు చెబితే మనవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది "ఓ అదా, మా ఆయనకీ ఉంది, మెడకి పట్టీ వేసుకుని తిరిగాడు" అంటారు. తెలుగునాట స్పాండిలైటిస్ అంటే మెడనొప్పి అని స్థిరపడిపోయింది. వయసుతోనో కంప్యూటర్ ముందు కూర్చోవడంతోనో మెడపూసలు అరిగితే వచ్చే నొప్పి వేరు, దాన్ని స్పాండిలోసిస్ అనాలి. అక్కది అరుగుదల కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీదకి తిరగబడి వాపు తెస్తుంది, ఏళ్ల తరబడి ఆ వాపు ఉండి ఉండి చివరికి పూసల మధ్య కొత్త ఎముక పుట్టి వెన్ను మొత్తం ఒకే కర్రలా అతుక్కుపోతుంది. అక్క ఇప్పుడు ఎవరైనా పిలిస్తే మెడ తిప్పదు, మనిషే తిరుగుతుంది.

ఆ పేరు ఆమెకి తెలియడానికి ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లలో ఆమెని చూసినవాళ్లెవరూ చెడ్డ డాక్టర్లు కాదు. అందరూ ఎక్కడ నొప్పి అని అడిగారు, నొక్కి చూశారు, ఫొటో తీయించారు. నొప్పి ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏమైంది అని వరసగా కూర్చుని అడిగినవాళ్లు లేరు. ఈ జబ్బు చరిత్ర చదువుతున్నకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, మూడు వందల ఏళ్లుగా ఇదే కథ నడుస్తోంది. ఎముకని చూసినవాళ్లు ఆలస్యంగా వచ్చారు, కాలాన్ని అడిగినవాళ్లు ముందు పట్టుకున్నారు. నా వాదన ఇంతే, మిగతాదంతా అది ఎంతవరకు నిలబడుతుందో చూసుకోవడం.

చచ్చిపోయాక గుర్తించిన జబ్బు

బాబాయికి మొదటి జవాబు: ఇది కొత్త జబ్బు కాదు. 1559లోనే ఇటలీ శరీరశాస్త్రవేత్త రియాల్డో కొలంబో ఇలాంటి అతుక్కుపోయిన అస్థిపంజరాల గురించి రాశాడు. 1690లలో బెర్నార్డ్ కానర్ అనే ఐర్లండ్ యువవైద్యుడు ఫ్రాన్స్‌లో ఉండగా తాను చూసిన ఒక అస్థిపంజరాన్ని శ్రద్ధగా వర్ణించాడు. తుంటి దగ్గరి కటి ఎముక, వెన్ను అడుగున ఉండే త్రికాస్థి, పదిహేను వెన్నుపూసలు, వాటికి తగిలిన పక్కటెముకలు అన్నీ కీలు లేకుండా ఒకే ఎముక అయిపోయాయి. కానర్ గొప్పతనం ఏమిటంటే అక్కడితో ఆగలేదు. ఆ ఎముకల్లో ఒకప్పుడు బతికిన మనిషిని ఊహించుకున్నాడు. ఈ మనిషి వంగలేడు, పక్కకి ఒత్తిగిల్లలేడు, పక్కటెముకలు కదలవు కాబట్టి ఊపిరి కూడా ఛాతీతో తీసుకోలేడు అని రాశాడు. అది చదివినప్పుడు నాకు అక్క తెల్లవారుజామున మంచం పట్టీ పట్టుకుని ముందు పక్కకి దొర్లి, తర్వాత కాళ్లు కిందకి దించి, అప్పుడు లేవడం కళ్లముందు కదిలింది. కానీ కానర్ చూసింది చనిపోయిన మనిషిని. ఆ మనిషికి మొదటి నొప్పి ఏ వయసులో వచ్చిందో చెప్పేవాళ్లు లేరు.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి బతికున్న రోగుల దాకా వచ్చారు. లైప్‌జిగ్‌లో స్ట్రుంపెల్, రష్యాలో బెఖ్తెరెవ్, పారిస్‌లో పియెర్ మరీ, 1884 నుంచి 1898 లోపు ముగ్గురూ వంగిపోయి బిగిసిపోయిన రోగుల గురించి రాశారు. బెఖ్తెరెవ్ నరాల వైద్యుడు కాబట్టి ఇది నరాల నుంచి వస్తుందనుకున్నాడు, ఆ ఊహ తప్పయినా ఆయన పేరు మాత్రం రష్యాలోనూ జర్మనీలోనూ ఇప్పటికీ జబ్బుకి అంటిపెట్టుకునే ఉంది. వీళ్లకి దొరికిన రోగులంతా దాదాపు జబ్బు పని పూర్తయినవాళ్లు. నేల చూపులు తప్ప మరో చూపు లేకుండా వంగిపోయిన మగవాడి బొమ్మ వైద్య పుస్తకాల్లోకి అలా ఎక్కింది. దాన్ని దింపడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఆ బొమ్మ వల్ల ఎంత నష్టం జరిగిందో నేను మరిచిపోలేను. ఒకప్పటి పుస్తకాల్లో ఇది పదిమంది మగవాళ్లకి ఒక ఆడమనిషికి వచ్చే జబ్బు. ఇప్పుడు చూస్తే రెండు మూడుకి ఒకటి, ఎక్స్‌రేలో ఇంకా కనపడని తొలిదశలో అయితే దాదాపు సరిసమానం. ఆడవాళ్లలో వెన్ను అతుక్కోవడం నెమ్మదిగా జరుగుతుంది, అందుకని ఫొటోలో తేలదు, నొప్పి మాత్రం తక్కువేమీ కాదు. మా అక్క రెండో కాన్పు తర్వాత నొప్పి అంది. "పిల్లల తల్లివి కదమ్మా, మత్తు సూది నడుముకే ఇచ్చారు కదా" అన్నారు. కాన్పు తర్వాత నడుం నొప్పి రాని ఆడవాళ్లు మన ఇళ్లలో ఎవరున్నారు అని అమ్మ కూడా అంది.

ఎక్స్‌రే వచ్చాక పరిస్థితి మెరుగైన మాట నిజమే. 1930లలో నడుం కింద త్రికాస్థి కటి ఎముకతో కలిసే చోట, డాక్టర్లు ఎస్ఐ జాయింట్ అనే చోట, ముందుగా మార్పులు కనిపిస్తాయని గమనించారు. 1984లో పెట్టుకున్న న్యూయార్క్ కొలమానాల ప్రకారం ఆ కీలు ఎక్స్‌రేలో పాడైనట్టు కనపడితేనే జబ్బు ఉన్నట్టు ఖాయం. చిక్కేమిటంటే ఎక్స్‌రేలో కనపడేది వాపు కాదు, వాపు చేసిన నష్టం. ఆ నష్టం తేలడానికి ఏళ్లు పడుతుంది. 2009లో ఎమ్మారైని కూడా లెక్కలోకి తీసుకుంటూ కొత్త కొలమానాలు వచ్చేదాకా, అధికారికంగా ఈ జబ్బు ఉంది అనిపించుకోవాలంటే కీలు కొంత చెడిపోయి ఉండాల్సిందే.

ఎముకనే నమ్ముకుంటే పొరపాటు ఇంకోవైపు నుంచీ జరుగుతుంది. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ మమ్మీకి తీసిన ఎక్స్‌రేలు చూసి ఆయనకి ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. 2014లో సహర్ సలీం, జాహీ హవాస్ సీటీ స్కాన్లు పరిశీలించి, కాదు, ఇది ముసలితనంలో వెన్ను ముందువైపు ఎముక పేరుకునే డిష్ అనే వేరే సమస్య అని ప్రచురించారు. మూడు వేల ఏళ్ల నాటి రాజుగారిని పొద్దున నడుం పట్టేసేదా, ఏ వయసులో మొదలైంది అని అడగలేం కదా. అడిగే వీలుంటే ఒక్క నిమిషంలో తేలిపోయే తేడా అది.

పేగుల్లో మొదలై మోకాల్లో తేలింది

ఇప్పుడు నా సంగతి. 2003లో నాకు ఇరవై నాలుగేళ్లు. ఒక స్నేహితుడి పెళ్లిలో తిన్నది పడక నలుగురైదుగురం జిగట విరేచనాలతో పడిపోయాం. వారంలో అందరం లేచాం. ఆ తర్వాత మూడో వారంలో నా కుడి మోకాలు కొబ్బరికాయలా వాచింది, ఎడమ మడమ నేల మీద ఆనితే ప్రాణం పోయేంత నొప్పి, ఒక కన్ను ఎర్రబడింది. ఎముకల డాక్టరు మోకాల్లోంచి సిరంజితో నీరు తీశాడు, చీము లేదన్నాడు. "కింద పడ్డావా? బండి మీంచి జారావా?" అని రెండుసార్లు అడిగాడు. పెళ్లి భోజనం గురించి ఆయన అడగలేదు, మోకాలికీ పేగుకీ సంబంధం ఉంటుందని నాకు తెలియదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఆరు నెలలు కుంటి, అదే తగ్గిపోయింది.

దీన్ని ఇప్పుడు రియాక్టివ్ ఆర్థరైటిస్ అంటారు. ఇన్ఫెక్షన్ ఒకచోట, కీళ్ల వాపు ఇంకోచోట, మధ్యలో ఒకటి నుంచి నాలుగు వారాల విరామం. కీల్లోంచి తీసిన నీటిలో క్రిమిని పెంచి చూద్దామంటే పెరగదు. ఈ జబ్బుకి ఒకప్పుడున్న పేరు వెనక ఒక కథ ఉంది, నా వాదనకి దానికంటే మంచి ఉదాహరణ దొరకదు. 1916లో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా జర్మన్ సైనిక వైద్యుడు హాన్స్ రైటర్ ఒక యువ అధికారిని చూశాడు. ముందు విరేచనాలు, కొద్ది రోజులకి మూత్రంలో మంట, కళ్ల కలక, ఆపైన కీళ్ల వాపు. వరస మొత్తం ఆయన కళ్లముందే ఉంది, కాగితం మీద కూడా పెట్టాడు. కానీ సూక్ష్మదర్శినిలో మెలికలు తిరిగిన క్రిమి ఒకటి కనపడిందనుకుని, సిఫిలిస్ తెచ్చే క్రిమికి చుట్టంలాంటిది ఏదో దీనికి కారణమని తేల్చేశాడు. అదే ఏడాది అదే యుద్ధంలో అవతలి పక్షాన ఫ్రెంచి వైద్యులు ఫీసింజె, లెరువా ఇలాంటి రోగుల్నే చూసి ఇది విరేచనాల తర్వాత వచ్చేది అని రాశారు. వాళ్లు చెప్పిందే నిలబడింది. పేరు మాత్రం 1942లో ఇద్దరు అమెరికన్ వైద్యులు, బావర్, ఎంగెల్‌మన్, రైటర్‌కి కట్టబెట్టారు.

ఆ రైటర్ తర్వాత హిట్లర్ ప్రభుత్వంలో దేశ ఆరోగ్య కార్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఖైదీల మీద జరిగిన టైఫస్ టీకా ప్రయోగాలతో ఆయనకి సంబంధం ఉంది, వాటిలో వందల మంది చచ్చిపోయారు. ఈ విషయం చాలా ఆలస్యంగా వైద్యలోకానికి ఎక్కింది. ఆ పేరు ఆయనకి ఇచ్చిన ఎంగెల్‌మన్ దీర్ఘాయుష్కుడు, తానే సహరచయితగా 2007లో, అరవై అయిదేళ్ల తర్వాత, మేం చేసిన ఆ సూచనని వెనక్కి తీసుకుంటున్నాం అని ప్రచురించాడు. నాకు ఆ పెద్దాయన మీద గౌరవం పుట్టింది. పేరు పోవడం న్యాయమే. అయినా ఒకమాట అనిపిస్తుంది, రైటర్ మహాత్ముడే అయ్యుంటే కూడా ఆ పేరు తప్పే. రోగి చెప్పిన వరసని పక్కనపెట్టి గాజుపలక మీద కనపడిందాన్ని నమ్మినవాడి పేరు, ఆ వరసే ప్రాణమైన జబ్బుకి పెట్టకూడదు.

రోగుల్ని వరసగా అడిగినవాళ్లకి ఏం దొరికిందో ఫిన్లండ్ వైద్యులు చూపించారు. 1944లో కరేలియా యుద్ధరంగంలో సైనికులకి జిగట విరేచనాల మహమ్మారి పట్టుకుంది, లక్షా యాభై వేలమంది దాకా పడ్డారని అంచనా. అందులోంచి కీళ్లవాపు వచ్చిన 344 మందిని పారొనెన్ అనే వైద్యుడు 1948లో వివరంగా నమోదు చేశాడు. 1969లో అదే ఫిన్లండ్‌లో ఆవొనెన్, సీవర్స్, ఆహో అనే ముగ్గురు, యెర్సీనియా అనే పేగు క్రిమి తర్వాత వచ్చే కీళ్లవాపుకి 'రియాక్టివ్' అనే మాట వాడారు. ఎవరి పేరూ లేదు ఆ మాటలో. దీనికి ముందు ఒకటి జరిగింది, దానికి బదులుగా ఇది వచ్చింది అనే కాలక్రమమే పేరులో ఉంది. నాకు ఆ పేరంటే ఇష్టం.

ఒకే కుటుంబం

అక్కకి వెన్ను, నాకు మోకాలు. రెండూ ఒకే ఇంటి జబ్బులని నాకు తెలిసింది చాలా తర్వాత. 1973లో లండన్‌లో డెరిక్ బ్రూవర్టన్ బృందం 75 మంది ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ రోగుల రక్తం పరీక్షిస్తే 72 మందికి హెచ్ఎల్ఏ బీ27 అనే జన్యుపరమైన గుర్తు ఉంది. జబ్బు లేని 75 మందిలో ముగ్గురికే ఉంది. అదే ఏడాది అమెరికాలో టెరసాకీ వాళ్లూ ఇలాంటి ఫలితమే చూశారు. కొద్దికాలానికే రియాక్టివ్ ఆర్థరైటిస్ రోగుల్లోనూ అదే గుర్తు ఎక్కువగా కనపడింది. 1974లో లీడ్స్‌లో మోల్, రైట్ ఈ జబ్బులన్నీ ఒక కుటుంబం అని తేల్చారు.

నాకు మరీ నచ్చిన కథ ఓడది. 1962లో ఒక అమెరికన్ నౌకాదళ ఓడలో 1,276 మంది సిబ్బందిలో 602 మందికి జిగట విరేచనాలు వచ్చాయి. తొమ్మిదిమందికి తర్వాత కీళ్లవాపు. ఏళ్లు గడిచాక ఆండ్రే కాలిన్, ఫ్రైస్ అనే ఇద్దరు ఆ తొమ్మిదిమందిలో అయిదుగుర్ని వెతికి పట్టుకున్నారు, నలుగురికి బీ27 ఉంది. మా పెళ్లి బృందం సంగతీ అంతే కదా అనుకున్నాను. అదే వంట తిన్నవాళ్లలో ఒక్క నాకే మోకాలు ఎందుకు వాచిందో ఆ ఓడ చెప్పింది. 1990లో అమెరికాలో టౌరొగ్ బృందం మనిషి బీ27 జన్యువుని ఎలుకల్లో పెడితే వాటికి పేగులూ కీళ్లూ రెండూ వాచాయి. అవే ఎలుకల్ని క్రిములేవీ లేని పెట్టెల్లో పెంచితే వాపు రాలేదు. పేగుకీ కీలుకీ మధ్య దారి ఉందని దీనికంటే స్పష్టంగా ఎలా చెప్పాలి?

ఇక్కడ చాలామంది "మన ఆయుర్వేదంలో ఎప్పుడో చెప్పారు" అంటారు. మాధవనిదానంలో ఆమవాతం అనే అధ్యాయం ఉన్న మాట నిజం, అరగక మిగిలిన ఆమం కీళ్లకి చేరి బిగుసుకుపోయేలా చేస్తుందని, త్రిక ప్రాంతం పేరు ప్రత్యేకంగా చెబుతూ అందులో ఉంది. చదివి నేనూ ఆశ్చర్యపోయాను. కానీ రామ్సెస్ కథ విన్నాక నాకు భయం, పాత వర్ణనకి ఇవాళ్టి పేరు తగిలించడం తేలిక. అక్కడ చెప్పింది ఎన్నో రకాల కీళ్లవాతాలకి సరిపోతుంది. తిండికీ పేగుకీ కీళ్లకీ సంబంధం ఉందేమోనని అడగాలన్న ఆలోచన మాత్రం అందులో ఉంది, దాని విలువ దానికి ఇస్తే చాలు.

చికున్ గున్యా నేర్పిన జాగ్రత్త

ఇంతవరకు చదివి "ఎప్పుడు అని అడిగితే సరిపోతుందా?" అని ఎవరైనా నిలదీయొచ్చు. సరిపోదు. మా అక్కనే చూడండి. ఆమెకి నొప్పి 2005లో మొదలైంది. 2006లో చికున్ గున్యా ఊళ్లమీద పడింది, ఆ ఏడు మన జిల్లాల్లో మంచం పట్టని ఇల్లు లేదు. తూర్పు ఆఫ్రికాలో మకొండే భాషలో ఆ పేరుకి ఒంగిపోయేలా చేసేది అని అర్థమట. 1960లలోనే కాకినాడ, రాజమండ్రి, విశాఖ చూసిన జబ్బు అది, మళ్లీ నలభై ఏళ్లకి వచ్చేసరికి ఎవరికీ గుర్తులేదు. అక్కకీ వచ్చింది. జ్వరం తగ్గింది, వేళ్ల నొప్పులు రెండు మూడు నెలలకి తగ్గాయి. నడుం నొప్పి అలాగే ఉంది. అప్పటినుంచి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి ప్రశ్న "చికున్ గున్యా వచ్చిందా అమ్మా?" వచ్చిందండీ అనగానే పెన్ను మూత పెట్టేవారు. అదీ ఎప్పుడు అనే ప్రశ్నే! అడిగారు, తప్పు జవాబు దగ్గర ఆగిపోయారు. అంతకు ముందు ఏడాది నుంచే ఉంది అని అక్క చెప్పబోతే వినే తీరిక లేదు. ఎనభైమంది బయట కూర్చున్నారు.

ఆ ఎనభైమంది మాట కూడా ఒప్పుకోవాలి. మూడు నెలలకి మించి నడుం నొప్పి ఉన్న వందమందిలో ఈ జబ్బు ఉండేది సుమారు అయిదుగురికి. మిగతావాళ్లకి కండరమో డిస్కో. అందరికీ బీ27 పరీక్ష రాస్తే డబ్బు దండగ, పైగా ప్రమాదం కూడా. బీ27 ఉన్నవాళ్లలో అత్యధికులకి జీవితంలో ఏ జబ్బూ రాదు. ఎమ్మారైలో ఎస్ఐ జాయింట్ దగ్గర వాపులాంటిది పరుగు పందేలవాళ్లకీ, కొత్తగా కాన్పయిన ఆడవాళ్లకీ ఏ జబ్బూ లేకుండానే కనపడుతుందని పరిశోధనలు చూపించాయి. ఓడ సిబ్బందిని వెతికిన ఆ కాలినే 1977లో ఒక పని చేశాడు. నలభై లోపు మొదలైందా, మెల్లగా వచ్చిందా, మూడు నెలలు దాటిందా, పొద్దున పట్టేస్తుందా, కదిలితే తగ్గుతుందా, ఈ అయిదింటిలో నాలుగు అవునంటే అనుమానించాలి అన్నాడు. అయిదూ కాలం చుట్టూ తిరిగే ప్రశ్నలే. ఆయన రోగుల్లో అద్భుతంగా పనిచేశాయి. తర్వాత వేరేచోట్ల మామూలు జనంలో వాడి చూస్తే అంత బాగా పనిచేయలేదు. నేను ఈ ప్రశ్నల పక్షాన వాదిస్తున్నాను కాబట్టి ఇది దాచకూడదు.

ఇంకొకటి కూడా దాచకూడదు. 2003లో నాకు మోకాలితోపాటు మూత్రంలో మంట కూడా ఉండేది. డాక్టరు అడగలేదనేది సగం నిజం. ఆయన "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అన్నాడు, పక్కన నాన్న నిలబడి ఉన్నాడు, నేను లేదన్నాను. పెళ్లి కాని కుర్రాడు ఆ మాట చెబితే ఏమనుకుంటారోనని. లైంగికంగా వచ్చే క్లమీడియా ఇన్ఫెక్షన్ తర్వాత కూడా ఈ జబ్బు వస్తుంది కాబట్టి దీనికి రెండు వందల ఏళ్లుగా ఆ మచ్చ ఉంది. 1818లో లండన్ శస్త్రవైద్యుడు బెంజమిన్ బ్రోడీ రాసిన అయిదుగురు రోగుల్లోనూ మూత్రనాళం వాపు, కళ్ల కలక, కీళ్లవాపు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆ అయిదుగురూ ఆయనకి చెప్పుకోగలిగారు. నేను చెప్పుకోలేకపోయాను. అడిగేవాళ్ల ముందు చెప్పగలిగే చోటు కూడా ఉండాలి, కనీసం తండ్రిని రెండు నిమిషాలు బయట కూర్చోమనే పాటి.

కంటి డాక్టరు అడిగిన ప్రశ్న

2012లో అక్క కుడి కన్ను ఎర్రబడింది. కండ్లకలక అనుకుని మందుల షాపులో చుక్కలు తెచ్చి వేసుకుంది. వెలుతురు చూడలేక చీకటి గదిలో కూర్చుంటే బావ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ చిన్నావిడ, కంట్లోకి దీపం వేసి చూసి, లోపలి పొర వాచింది, దీన్ని యువైటిస్ అంటారు అని చెప్పి, రాస్తూ రాస్తూ తలెత్తి అడిగిందట, "పొద్దున లేవగానే నడుం పట్టేస్తుందా అండీ?" అక్క ఏడ్చేసింది. ఏడేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న కంటి డాక్టరు అడిగింది. గంటసేపు పడుతుందమ్మా, అంట్లు తోమి ఇల్లు ఊడిస్తే తగ్గుతుంది, కూర్చుంటే మళ్లీ వస్తుంది, తెల్లవారుజామున మూడింటికి నొప్పికి మెలకువ వస్తుంది అని ఒక్క గుక్కలో చెప్పింది. బ్రోడీ 1850లో వెన్ను బిగిసిన ముప్ఫై ఒక్క ఏళ్ల రోగికి అప్పుడప్పుడూ కన్ను వాచేదని రాసిపెట్టాడు. నూట అరవై ఏళ్ల కిందటి ఆ గమనిక ఒక కంటి ఆసుపత్రిలో మా అక్కకి పనికొచ్చింది. రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతాల డాక్టరు, దగ్గరికి వెళ్లమని చీటీ రాసింది ఆవిడే.

విశ్రాంతి తీసుకోమని ఏడేళ్లు చెప్పిన సలహా అక్కకి సరిగ్గా వ్యతిరేకమైనది. డిస్క్ నొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఈ నొప్పి పడుకుంటే పెరుగుతుంది. తప్పు వైద్యం అంటే తప్పు మాత్రే కానక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది. పాత రోజుల్లో ఇంతకంటే దారుణాలు జరిగాయి. బ్రిటన్‌లో 1935 నుంచి 1954 దాకా పద్నాలుగు వేలమందికి పైగా రోగుల వెన్నుకి ఎక్స్‌రే కిరణాలు పెట్టారు. నొప్పి నిజంగానే తగ్గేది. కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ ఆ రోగులందరినీ తర్వాత ఏమయ్యారని వెంటబడి లెక్కతీస్తే లుకేమియా అనే రక్త కాన్సర్ ఎక్కువైందని 1957లో తేలింది. అక్కకి ఆ కాలం రాలేదు. నొప్పీ వాపూ తగ్గించే నాప్రోక్సెన్ మాత్రలు, వ్యాయామం, అవి చాలనప్పుడు ఒంట్లో వాపుని పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే సూదులు. ఆ సూదుల దారి తెరిచిన ఇద్దరిలో ఒకరైన రవీందర్ మైనీ లుధియానాలో పుట్టినవాడు. 2014లో అహ్మదాబాద్ కంపెనీ జైడస్ కాడిలా ఆ సూదుల్లో ఒకటైన అడాలిముమాబ్‌ని ఇక్కడే తయారుచేసి తెచ్చాక ధర కొంత దిగింది, అయినా మధ్యతరగతి ఇంటికి అది బరువే. సూది మొదలుపెట్టే ముందు ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఉందేమో చూడాలి, మన దేశంలో అది తప్పించుకోకూడని మెట్టు. అక్కకి వాపు ఆగింది. అప్పటికే అతుక్కున్న మెడ మాత్రం విడిపోలేదు. ఆ ఏడేళ్ల ఖరీదు అది.

అందుకే కారులో మేనకోడలు అన్న మాటకి నాకు అంత టెన్షన్ వచ్చింది. అక్క నుంచి ఆ జన్యువు పిల్లకి వచ్చే అవకాశం సగానికి సగం. మర్నాడే పరీక్షకి పంపేద్దామా అనుకున్నాను. ఆగి, ఇంత వాదించిన మనిషిని కాబట్టి, ముందు నేనే అడిగాను. ఫోన్లో అరగంట. ఎప్పుడు మొదలైంది? "సెమిస్టర్ ప్రాజెక్టు మొదలైనప్పుడు మావయ్యా." పొద్దున లేవగానే? "అప్పుడు బాగానే ఉంటుంది." రాత్రి మెలకువ వస్తుందా? "పడుకుంటే హాయిగా ఉంటుంది." ఎప్పుడు ఎక్కువ? "సాయంత్రం, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మంచం మీద నాలుగైదు గంటలు కూర్చున్నాక." కళ్లు ఎర్రబడ్డాయా, మడమ నొప్పి, విరేచనాలు? ఏదీ లేదు.

హాస్టల్లో బల్ల, కుర్చీ ఉన్నాయి కదా, దాని మీద కూర్చుని చెయ్యి, మూడు వారాలు చూద్దాం అన్నాను. పొద్దున ఎలా ఉంది, రాత్రి ఎలా ఉంది అని రోజూ రెండు ముక్కలు రాసి పెట్టమన్నాను. ఈ మార్పుతో తగ్గకపోయినా, ఒక్క రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా, నేనే తీసుకెళ్తానని చెప్పాను. అమ్మకి చెప్పాలా అంది. చెప్పు, కానీ ఆ కాగితం కూడా చూపించు అన్నాను. నిన్నటికి పదమూడు రోజులు. వాట్సాప్‌లో ఫొటో పెట్టింది, పొద్దున అన్నచోట పదమూడుసార్లూ "ఏం లేదు" అని ఉంది, సాయంత్రం అన్నచోట మొదటి వారం "ఉంది", తర్వాత "కొంచెం", చివరి రెండు రోజులు గీత.